రొమ్ము క్యాన్సర్: గడ్డ వరకే తీయించాలా, రొమ్ము మొత్తమా? తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళు ఏం చూసి తేల్చుకోవాలి

రిపోర్టులో ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా (రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువగా కనబడే రకం) అని కనబడగానే ఇంట్లో పెద్దవాళ్ళ నోట వచ్చే మాట ఒకటే: "మొత్తం తీయించేస్తే పీడా విరగడవుతుంది." ఆ మాటలో భయం ఉంది, ప్రేమ ఉంది, లెక్క మాత్రం లేదు. లెక్క 2002లోనే తేలింది. అమెరికాలో 1851 మంది స్త్రీల మీద, ఇటలీలోని మిలాన్‌లో 701 మంది మీద 1970లలో మొదలైన రెండు పెద్ద అధ్యయనాల ఇరవై ఏళ్ళ ఫలితాలు ఆ ఏడాది వచ్చాయి. గడ్డ, దాని చుట్టూ కొంత కండ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్ళు ఎంతకాలం బతికారో, రొమ్ము మొత్తం తీయించుకున్నవాళ్ళూ అంతే కాలం బతికారు.

తేడా ఉన్నది ఇంకోచోట. మిలాన్ లెక్కలో ఇరవై ఏళ్ళలో అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది నూటికి 8.8 మందికి, మొత్తం తీసినవాళ్ళలో ఆ చోట తిరిగొచ్చింది 2.3 మందికి. ఇప్పటి మందులు, స్కానులు వచ్చాక ఆ మొదటి అంకె ఇంకా తగ్గింది. అలా తిరిగొచ్చినా చాలామందిలో అప్పుడు ఆపరేషన్ చేసి తీసేయడానికి వీలుంటుంది. అమెరికా అధ్యయనంలో ఇంకో అంకె ఉంది, అది ఇంకా ముఖ్యం. గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్ళలో అదే రొమ్ములో తిరగబెట్టింది నూటికి 14.3 మందికి, రేడియేషన్ ఇవ్వనివాళ్ళలో 39.2 మందికి. కాబట్టి ఈ పోలికను "చిన్న ఆపరేషనా, పెద్ద ఆపరేషనా" అని కాకుండా "గడ్డ ఆపరేషన్‌తో పాటు పూర్తి రేడియేషనా, లేక మాస్టెక్టమీనా (రొమ్ము మొత్తం తీసే ఆపరేషనా)" అని పెట్టుకోవాలి. కరెంటు పెట్టించుకోవడం, అంటే రేడియేషన్, కుదరదని ముందే తెలిసినవాళ్ళకు మొదటి దారి దాదాపు మూసుకున్నట్టే.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చుకుందాం. మొత్తం తీయించుకుంటే కీమో తప్పుతుందని చాలామంది అనుకుంటారు. కీమో ఇవ్వాలా వద్దా అన్నది గడ్డ స్వభావం, సైజు, చంకలోని గ్రంథుల మీద ఆధారపడుతుంది. ఏ ఆపరేషన్ చేశారన్న దానితో దానికి సంబంధం లేదు. హార్మోను మాత్రలూ అంతే, హెర్‌టూ (క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రోటీను) పాజిటివ్ వాళ్ళకు ఏడాది పాటు మూడు వారాలకోసారి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షనూ అంతే.

కత్తి పెట్టకముందే జరిగే తప్పు

మన వైపు ఎక్కువ నష్టం జరిగేది ఆపరేషన్ ఎంపికలో కాదు, అంతకు ముందే. ఊళ్ళో చిన్న నర్సింగ్‌హోమ్‌కు వెళ్తే "చిన్న గడ్డే, మత్తిచ్చి తీసేద్దాం, తీశాక టెస్టుకు పంపుదాం" అంటారు. తీసిన గడ్డ క్యాన్సరని తర్వాత తేలుతుంది. అప్పటికి తీసిన ముక్క అంచులు క్యాన్సర్ లేకుండా శుభ్రంగా వచ్చాయో లేదో తెలియదు, కోత ఎక్కడ పడకూడదో అక్కడ పడి ఉంటుంది, ముందు కీమో ఇచ్చి గడ్డ కరిగించే అవకాశం చేజారిపోతుంది. మళ్ళీ ఆపరేషన్. కొందరికి రొమ్ము నిలుపుకునే అవకాశం కూడా ఇలాగే పోతుంది.

సరైన వరుస ఇది. ముందు రెండు రొమ్ములకూ మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), దానితో పాటు రొమ్ముకూ చంకకూ అల్ట్రాసౌండ్. తర్వాత ట్రూకట్ బయాప్సీ. సన్న సూదితో నీరు లాగినట్టు చేసే ఎఫ్‌ఎన్‌ఏసీ చాలదు. అందులో విడి కణాలు వస్తాయి తప్ప కండముక్క రాదు. ట్రూకట్‌లో చర్మానికి మాత్రమే మత్తిచ్చి 14 గేజి సూదితో నాలుగైదు సన్నని ముక్కలు తీస్తారు, కాసేపట్లో అయిపోతుంది, ఆ పూటే ఇంటికి రావచ్చు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో దీన్ని వాయిదా వేయకండి. దీనివల్ల ఆయుష్షు తగ్గిన దాఖలా లేదు. ఆ ముక్కల మీద ఈఆర్, పీఆర్ (ఈ రెండూ హార్మోను పరీక్షలు), హెర్‌టూ అనే మూడు పరీక్షలు చేయించాలి. హెర్‌టూ 3+ వస్తే పాజిటివ్, 0 లేదా 1+ వస్తే ట్రాస్టుజుమాబ్ పనిచేసే రకం కాదు, 2+ వస్తే ఫిష్ అనే జన్యు స్థాయి పరీక్ష చేస్తే గానీ తేలదు. 2+ దగ్గర ఆగిపోయిన రిపోర్టుతో చికిత్స మొదలుపెట్టించుకోవద్దు.

ముక్క వెంటనే ఫార్మలిన్‌లో (కండ పాడవకుండా ఉంచే ద్రవంలో) పడాలన్నది కూడా చిన్న విషయం కాదు. గంటకు మించి బయట ఉంచినా, ముక్కకు సరిపడా ఫార్మలిన్ పోయకపోయినా హార్మోను పరీక్ష తప్పుగా నెగిటివ్ చూపించవచ్చు. ఉప్పునీళ్ళ సీసాలో వేసి "తిరుపతి ల్యాబ్‌లో ఇచ్చి రండి" అని మనవాళ్ళ చేతికే ఇచ్చారంటే అక్కడే అడగండి: ఇది ఫార్మలినేనా అని. కవరులోంచి ఘాటు వాసన రాకపోతే అనుమానించాల్సిందే.

ఈ పరీక్షలన్నిటికీ రెండు, మూడు వారాలు పడుతుంది. ఆ మాత్రం ఆలస్యంతో జబ్బు చేయి దాటిపోదు. "రేపే చేసేయాలి, లేకుంటే కష్టం" అని తొందరపెట్టే చోట కాసేపు ఆగి ఆలోచించడమే మంచిది.

ఎవరికి ఏది సరిపోతుంది

ఒకే గడ్డ, నాలుగైదు సెంటీమీటర్ల లోపు, రొమ్ము సైజుతో పోలిస్తే మరీ పెద్దది కాదు, రేడియేషన్ పూర్తిగా తీసుకోగలరు. ఇలాంటి మనిషికి మా సలహా రొమ్ము నిలుపుకోమనే. ఆపరేషన్ తేలిక, కోలుకోవడం త్వరగా జరుగుతుంది, బతుకు లెక్కలో నష్టం లేదు. వయసు నలభై లోపైనంత మాత్రాన మొత్తం తీయాల్సిన పని లేదు. చిన్న వయసులో తిరగబెట్టే అవకాశం కొంత ఎక్కువే గానీ దానికి జవాబు గడ్డ ఉన్న చోట అదనంగా ఇచ్చే బూస్ట్ రేడియేషన్.

మొత్తం తీయడమే మేలనిపించే సందర్భాలు వేరు. రొమ్ములో వేర్వేరు మూలల్లో గడ్డలుండటం, మామోగ్రామ్‌లో రొమ్మంతా అనుమానపు కాల్షియం చుక్కలు పరచుకొని ఉండటం, చర్మం ఎర్రబడి నారింజ తొక్కలా మారే ఇన్‌ఫ్లమేటరీ రకం, గతంలో ఆ ఛాతీకి రేడియేషన్ తీసుకొని ఉండటం, గర్భం మొదటి నెలల్లో ఉండటం. గర్భంలో రేడియేషన్ ఇవ్వరు. నెలలు నిండే దశలో ఉంటే ఆపరేషన్ చేసి కాన్పు అయ్యాక ఇవ్వొచ్చు. ఇంకొకటి, గడ్డ తీశాక అంచులో క్యాన్సర్ కనబడితే మళ్ళీ కొంత తీస్తారు. మళ్ళీ అదే జరిగితే ఇక మాస్టెక్టమీయే. లంపెక్టమీ (గడ్డ వరకే తీసే ఆపరేషన్) ఒప్పుకునేటప్పుడే "రెండోసారి లోపలికి వెళ్ళాల్సి రావచ్చు" అన్నది ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. లేకపోతే రెండోసారి ఆపరేషన్ అనగానే డాక్టరు తప్పు చేశాడని గొడవలు మొదలవుతాయి. ఇన్వేసివ్ గడ్డకు తీసిన ముక్క అంచున పూసిన ఇంకును క్యాన్సర్ తాకకుండా ఉంటే చాలు; సెంటీమీటర్ల కొద్దీ ఖాళీ అక్కర్లేదు.

తల్లికో అక్కకో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ ఉన్నా, చిన్న వయసులో వచ్చినా, మూడు పరీక్షలూ నెగిటివ్ అయిన ట్రిపుల్ నెగిటివ్ రకమైనా వంశపారంపర్యంగా వచ్చే జన్యు మార్పును చూసే బీఆర్‌సీఏ పరీక్ష గురించి ఆపరేషన్‌కు ముందే అడగాలి. ఆ మార్పు ఉన్నవాళ్ళు రొమ్ము నిలుపుకోవచ్చు, కానీ మిగిలిన రొమ్ములో, అవతలి రొమ్ములో కొత్త క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి లెక్క మారుతుంది. ఆ మార్పు లేనివాళ్ళు భయంతో అవతలి రొమ్మును కూడా తీయించుకోవడం వల్ల ఆయుష్షు పెరగదు.

గడ్డ పెద్దదై, హెర్‌టూ పాజిటివ్ లేదా ట్రిపుల్ నెగిటివ్ అయితే ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేయడం ఇప్పుడు మామూలైంది. గడ్డ బాగా చిన్నదవుతుంది, కొందరిలో ఆనవాలే లేకుండా పోతుంది. సంతోషమే, కానీ అక్కడే ఒక చిక్కు. ఆనవాలు పోతే సర్జన్ కోయాల్సింది ఎక్కడ? అందుకే కీమో మొదలుపెట్టకముందే గడ్డ మధ్యలో అల్ట్రాసౌండ్ చూస్తూ చిన్న లోహపు క్లిప్ పెట్టించాలి. కుదరని చోట కనీసం చర్మం మీద గడ్డ హద్దులకు పచ్చబొట్టు చుక్కలైనా పెట్టించాలి. ఈ పని మరచిపోయి, రెండు విడతల కీమో అయ్యాక గుర్తొచ్చి, అప్పటికి గడ్డ దొరకక, చివరికి మొత్తం తీయాల్సి రావడం వైద్యం బాగా పనిచేసినందుకు పడే శిక్ష లాంటిది. మొదటి కీమో రోజున అడగాల్సిన ప్రశ్న ఇదే: క్లిప్ పెట్టారా?

జబ్బు అప్పటికే ఎముకలకో కాలేయానికో చేరి ఉంటే ఈ పోలికకే అర్థం లేదు. ముంబై టాటా మెమోరియల్‌లో 350 మందితో చేసి 2015లో ప్రకటించిన అధ్యయనంలో, అలాంటివాళ్ళలో రొమ్ము ఆపరేషన్ వల్ల ఆయుష్షు పెరగలేదని తేలింది. పుండు పడి రక్తం కారుతుంటే ఆ బాధ తగ్గించడానికి చేస్తారు, అది వేరు.

రేడియేషన్: దూరం, రోజులు, గది అద్దె

ఒకప్పుడు 50 గ్రే (రేడియేషన్‌ను కొలిచే లెక్క) డోసును 25 రోజుల్లో, అంటే ఐదు వారాలు ఇచ్చేవారు. ఇప్పుడు 40 గ్రే 15 రోజుల్లో, మూడు వారాలకు ముగిసే పద్ధతి మామూలు. వారానికి ఐదు రోజులు, శని ఆదివారాలు సెలవు. బ్రిటన్‌లో జరిగిన ఫాస్ట్ ఫార్వర్డ్ అధ్యయనం 2020లో ఇంకో మెట్టు దిగింది: 26 గ్రే ఐదు రోజుల్లో, ఒక్క వారంలో. ఐదేళ్ళ వరకు చూస్తే తిరగబెట్టడంలో మూడు వారాల పద్ధతికి తీసిపోలేదు. అయితే చంక, మెడ గ్రంథులకు కూడా రేడియేషన్ కావాల్సినవాళ్ళకు చాలాచోట్ల ఇంకా 15 రోజులే ఇస్తారు. బూస్ట్ ఉంటే ఇంకో ఐదారు రోజులు కలుస్తాయి.

ఈ అంకెలు పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు వాళ్ళకు డాక్టరు భాషలో ఉన్న గణాంకాలు కావు, బస్సు టికెట్లు. ఐదు వారాలనుకొని "మొత్తం తీయించేయండి" అన్న ఇంటికి ఒక వారంలో అయిపోతుందంటే జవాబు మారవచ్చు. కాబట్టి ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను మాత్రమే కాదు, రేడియేషన్ డాక్టరును కూడా ఒకసారి కలవండి. నాకు 5 రోజులా, 15 రోజులా, బూస్ట్ ఉంటుందా, ఎప్పుడు మొదలవుతుంది అని అడగండి. కీమో లేనివాళ్ళకు ఆపరేషన్ తర్వాత ఎనిమిది వారాలు దాటకుండా, కీమో ఉన్నవాళ్ళకు అది ముగిసిన మూడు, నాలుగు వారాలకు మొదలవ్వాలి. మధ్యలో మానేసి మళ్ళీ రావడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. సగం కరెంటు పెట్టించుకొని పంటకోతలకు వెళ్ళిపోయే మనిషికి మొదటే మాస్టెక్టమీ చేయించి ఉంటే మేలు.

చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. వేలూరు దానిలో సగం దూరం. కుప్పం వాళ్ళకు తిరుపతి కంటే బెంగళూరు దగ్గర. తిరుపతిలో స్విమ్స్ (శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ) ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్ట్స్ కట్టించి 2022లో మొదలైన శ్రీ వెంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి (స్వికార్) ఉంది. దూరం చూసి రాష్ట్రం దాటేముందు ఒక సంగతి: బియ్యం కార్డు మీద ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకోవాలనుకుంటే, ఆ ఆసుపత్రికి ఆపరేషన్‌కూ రేడియేషన్‌కూ రెండిటికీ అనుమతి ఉందా అని అక్కడి పథకం డెస్క్‌లో అడిగి తెలుసుకోండి. ఆపరేషన్ ఒకచోట, రేడియేషన్ ఇంకోచోట అయితే కాగితాలు కూడా రెండుచోట్ల తిరగాలి.

తిరుపతిలో గది దొరకడం మామూలు రోజుల్లో కష్టం కాదు. బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి పడితే అద్దెలు ఆకాశంలో ఉంటాయి. దేవస్థానం వసతి గదులు దర్శనానికి వచ్చేవాళ్ళకు రోజు లెక్కన ఇచ్చేవి, మూడు వారాల చికిత్సకు వాటిని నమ్ముకోవద్దు. ఆసుపత్రి సోషల్ వర్కర్‌ను అడిగితే రోగుల వసతి ఎక్కడుందో చెబుతారు.

రేడియేషన్ నిజంగా ఎలా ఉంటుందంటే, మొదటి రోజు సీటీ తీసి చర్మం మీద గుర్తులు పెడతారు. ఆ గుర్తులు చెరిగిపోనివ్వకూడదు. తర్వాత ప్రతిరోజూ బల్ల మీద పది, పదిహేను నిమిషాలు. మిషన్ పనిచేసేది రెండు, మూడు నిమిషాలే. నొప్పి ఉండదు, తల జుట్టు రాలదు. చర్మం నల్లబడుతుంది, రొమ్ము కింది మడతలో కొందరికి ఊడుతుంది. ఆ చోట పసుపు, కొబ్బరినూనె, పౌడరు పూయవద్దు, డాక్టరు ఇచ్చిన క్రీము మాత్రమే. ఎడమ రొమ్మైతే గుండె పక్కకు జరిగేలా ఊపిరి బిగబట్టి ఇచ్చే పద్ధతి ఉందా అని అడగండి.

రేడియేషన్‌కు చేయి తల మీదికి ఎత్తి పెట్టాలి. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ఆపరేషన్ తర్వాత నొప్పికి భయపడి నెలరోజులు చేయి కదపకుండా దాచుకుంటే భుజం బిగుసుకుపోతుంది, సీటీ రోజున చేయి ఎత్తలేక వెనక్కి పంపేస్తారు. లోపలి నీరు బయటికి రావడానికి పెట్టిన డ్రెయిన్ గొట్టం తీసేశాక రోజూ గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకుతూ వెళ్ళండి, నిన్నటి కంటే కొంచెం పైకి.

అరవై ఐదు దాటినవాళ్ళకు ఇంకో వెసులుబాటు ఉంది. గడ్డ 3 సెంటీమీటర్ల లోపు, చంక గ్రంథులు శుభ్రం, ఈఆర్ పాజిటివ్, ఐదేళ్ళు హార్మోను మాత్రలు మింగుతారంటే రేడియేషన్ మానవచ్చు. ప్రైమ్ టూ అధ్యయనం 2023లో ప్రకటించిన పదేళ్ళ ఫలితాల్లో, రేడియేషన్ మానినవాళ్ళలో నూటికి 9.5 మందికి రొమ్ములో తిరగబెట్టింది, తీసుకున్నవాళ్ళలో 0.9 మందికి, బతికినవాళ్ళ లెక్క మాత్రం రెండువైపులా దాదాపు నూటికి 81. మాత్రలు మధ్యలో మానేసే మనిషికి ఈ వెసులుబాటు వర్తించదు.

మొత్తం తీయించుకున్నా రేడియేషన్ రావచ్చు

గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, చంకలో నాలుగు లేదా ఎక్కువ గ్రంథుల్లో జబ్బు ఉన్నా మాస్టెక్టమీ తర్వాత కూడా రేడియేషన్ ఇస్తారు. ఒకటి నుంచి మూడు గ్రంథుల్లో జబ్బు ఉన్నవాళ్ళలో కూడా చాలామందికి ఇస్తారు. కరెంటు తప్పించుకోవడానికే మొత్తం తీయించుకునేవాళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఆకారం కోసం రొమ్ము పునర్నిర్మాణం చేయించుకోవచ్చు. పొట్ట లేదా వీపు కండతో గానీ, సిలికాన్ ఇంప్లాంట్‌తో గానీ. రేడియేషన్ ఉండబోతే ఇంప్లాంట్ చుట్టూ గట్టిపడి బిగిసిపోయే అవకాశం ఎక్కువ. ఏమీ వద్దనుకునేవాళ్ళకు బ్రాలో పెట్టుకునే సిలికాన్ లేదా నూలు అల్లిక రొమ్ములు దొరుకుతాయి.

చంక సంగతి

రెండు ఆపరేషన్లలోనూ చంక గ్రంథుల ప్రశ్న ఒకటే. చేతి వాపు వచ్చేది ఇక్కడి నుంచే. పైకి గ్రంథులు కనబడనివాళ్ళకు నీలిరంగు లేదా రేడియో మందు ఎక్కించి మొదట తగిలే రెండు, మూడు గ్రంథులు మాత్రమే తీసి చూసే సెంటినెల్ పద్ధతి చాలు. చంకలోని గ్రంథులన్నీ తీసేస్తే ఐదుగురిలో ఒకరికి చేతి వాపు. సెంటినెల్‌తో నూటికి ఐదారుగురికి. పొలం పని, నేత, కుట్టు మిషన్, ఇస్త్రీ చేసే మనిషికి రొమ్ము ఆపరేషన్ కంటే ఈ తేడానే జీవితాంతం ఎక్కువ తగులుతుంది. కానీ ఇళ్ళల్లో చర్చంతా రొమ్ము గురించే జరుగుతుంది, చంక గురించి ఎవరూ అడగరు. డ్రెయిన్ గొట్టంలో 24 గంటలకు 30 మిల్లీలీటర్ల లోపు వచ్చేదాకా ఉంచుతారు; రోజూ ఒకే వేళకు కొలిచి కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. తొందరపడి తీయించుకుంటే లోపల నీరు చేరి సూదితో లాగించుకోవాల్సి వస్తుంది.

ఆపరేషన్ ఏదైనా సర్జన్‌ను అడగాల్సిన కొత్త విషయం ఒకటుంది. టాటా మెమోరియల్ నేతృత్వంలో మన దేశంలోని 11 కేంద్రాల్లో సుమారు 1600 మందితో చేసిన అధ్యయనంలో, కోతకు 7 నుంచి 10 నిమిషాల ముందు గడ్డ చుట్టూ 0.5 శాతం లిగ్నోకెయిన్ మత్తుమందు ఎక్కించారు. ఐదేళ్ళకు బతికి ఉన్నవాళ్ళు 86.4 శాతం నుంచి 90.1 శాతానికి పెరిగారు. 2023లో వచ్చిన ఫలితం ఇది. ముందు కీమో తీసుకోకుండా నేరుగా ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళ మీద చేసింది. ఒక్క అధ్యయనమే కాబట్టి అందరు సర్జన్లూ ఇంకా వాడటం లేదు. అడగడంలో తప్పు లేదు, ఖర్చు నామమాత్రం.

రొమ్ము నిలుపుకున్నవాళ్ళ లోపల సర్జన్ నాలుగైదు టైటానియం క్లిప్పులు వదిలేస్తారు, బూస్ట్ ఎక్కడ పడాలో రేడియేషన్ డాక్టరుకు కనబడటానికి. తర్వాత ఎక్స్‌రేలో చూసి "లోపల ఇనుప ముక్కలు మరచిపోయారు" అని కంగారుపడవద్దు. ఎమ్మారై స్కాన్‌కు కూడా అవి అడ్డు రావు.

చివరి నిర్ణయం వార్డు బయట మగవాళ్ళు నిలబడి తేల్చేసి లోపలికి వచ్చి చెప్పేది కాకూడదు. రెండు దారులూ ఆమె దగ్గర కూర్చొని చెప్పాలి, సంతకం పెట్టేది ఆమే. కొందరు స్త్రీలు అంకెలన్నీ విన్నాక కూడా "నాకు ఏటా మామోగ్రామ్ భయం వద్దు, తీయించేయండి" అంటారు. అది కూడా తెలిసి చేసుకున్న సరైన ఎంపికే. రొమ్ము నిలుపుకున్నవాళ్ళు రేడియేషన్ అయిన ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మొదటి మామోగ్రామ్, తర్వాత ఏటా ఒకటి తీయించుకోవాలి. ఒకవైపు తీయించుకున్నవాళ్ళకు రెండోవైపు ఏటా. బయాప్సీ, ఆపరేషన్ రెండింటి పారఫిన్ బ్లాకులూ స్లయిడ్లూ ల్యాబ్ నుంచి తీసుకొని ఇంట్లో చల్లటి చోట, ఎండ తగలకుండా ఉంచండి. ఐదారేళ్ళకు ఏదైనా తిరిగొస్తే కొత్త పరీక్షలకు ఆ బ్లాకే కావాల్సి రావచ్చు.